చేపలకు వేసి చూసిన చుక్కలు

పోయిన వారం మనం గంగారత్నాన్ని కొల్లేటికోట వెళ్ళే ఆటో ఎక్కించి వదిలాం. ఎందుకు వెళ్ళిందో మరచిపోయినవారికి నాలుగు మాటలు. ఆమె భర్త పోలయ్య మండవల్లి దగ్గర చేపల చెరువు చేసిన మనిషి. వేకువజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుందని ఏళ్ళ తరబడి గట్టు మీద మేలుకుని ఉండడమే అతని ఉద్యోగం. చెరువు కొడుకు నాగదుర్గారావుకి అప్పగించి ఇంటికొచ్చి పడుకున్నాక చూస్తే కన్ను మూతపడడం మానేసింది. గుండెకు ఆపరేషన్ అయింది, నిద్ర మాత్రం రాలేదు. కొడుక్కి సాయం చేస్తానని నడి చెరువులో గుంజలకి మేత సంచులు కట్టడానికి దోనెలో వెళ్ళి, నిలబడే తూలి నీళ్ళలో పడ్డాడు. అది చూసి బెదిరిపోయిన కోడలు మౌనిక, తాడేపల్లిగూడెంలో ఆయుర్వేదం డాక్టరుగా ఉన్న తన చిన్ననాటి స్నేహితురాలు ఉషశ్రీ దగ్గర్నుంచి నిద్రకని ఒక చిన్న సీసా తెచ్చింది. దాని మీద ఆకు బొమ్మ ఉంది. అది గంజాయి ఆకని గంగారత్నం గుర్తుపట్టింది. సీసాని పెద్దింట్లమ్మ పటం వెనక పెట్టి, "అమ్మని అడిగొచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దు" అని చెప్పి గుడికి బయల్దేరింది.

గుడిలో అమ్మవారు ఏమీ చెప్పలేదు.

చెబుతుందని గంగారత్నం అనుకోలేదు కూడా. అడగడం మన పని, వినబడేలా చెప్పడమో చెప్పకపోవడమో ఆవిడ ఇష్టం. కొబ్బరికాయ కొట్టి, "తల్లీ, ఆయనకి నిద్రివ్వు. ఏ దారిన ఇస్తావో నువ్వే తేల్చు" అని దండం పెట్టుకుని, ఆ రాత్రికి అక్కడే చెల్లెలి ఇంట్లో ఉండి, పొద్దున్నే మొదటి ఆటోకి తిరిగొచ్చింది. దారి పొడుగునా రెండు వైపులా నీళ్ళే. నీళ్ళ మీద మంచు ఇంకా విడలేదు. గూడబాతులు ఆ మంచులో ఒకటొకటిగా తెల్లగా తేలి వస్తున్నాయి. అవి ఎప్పుడు పడుకుంటాయో, ఎప్పుడు లేస్తాయో, నిద్రపట్టలేదని ఏ గూడబాతైనా బాధపడుతుందో లేదో అనిపించింది ఆమెకు.

ఇంటికొచ్చేసరికి మౌనిక వాకిట్లో నీళ్ళు చల్లుతోంది.

"మీ మావయ్యగారేరే?"

"నిన్న సాయంత్రమే గట్టుకెళ్ళారు అత్తయ్యా. నేను వద్దన్నానండీ, వింటేగా! 'నాకెలాగూ నిద్ర లేదు, మీ ఆయన్ని ఒక్క రాత్రి ఇంట్లో పడుకోమను' అని ఆయన్ని ఇంటికి పంపించేశారు."

"పోన్లే, వాడైనా పడుకున్నాడు."

"ఎక్కడ పడుకున్నారండీ! తెల్లవార్లూ ఫోను పట్టుకుని కూర్చున్నారు. కళ్ళు మంటలని ఏదో చుక్కల మందు తెచ్చుకున్నారు. ఇందాకే అద్దం దగ్గర నిలబడి తల పైకెత్తి వేసుకుని, 'ఇంక పడుకుంటాను, నన్ను లేపొద్దు' అన్నారు."

"ఫోను చూస్తే మండవూ కళ్ళు!" అంటూ గంగారత్నం కాళ్ళు కడుక్కుని లోపలికెళ్ళింది. దేవుడి గూట్లో కుంకం పొట్లం పెట్టి, పటానికి దండం పెట్టి, అలవాటు కొద్దీ పటం వెనక చెయ్యి పెట్టింది.

చేతికి గోడ తగిలింది. సీసా లేదు.

ఆమె మౌనికను అడగలేదు. కొడుకును లేపలేదు. కొంగు బిగించి గట్టు దారి పట్టింది.

చెరువు గట్టు మీద కాపలా పాక ముందు నీలం రంగు ప్లాస్టిక్ తొట్టి ఒకటి ఉంది. ముందుగా ఆమె చూసింది దాన్నే. తొట్టి నిండా శీలావతి చేపపిల్లలు. అన్నీ పైకి తేలి ఉన్నాయి. నీటి పైన మూతులు పెట్టి నోళ్ళు తెరుస్తూ మూస్తూ, గాలి కోసం కొట్టుకుంటున్నాయి. చెరువు మీద బతికే ఇంట్లో అంతకన్నా భయంకరమైన దృశ్యం ఇంకోటి ఉండదు. తొట్టి పక్కనే నేల మీద, మూత సరిగ్గా పెట్టకుండా, ఆకు బొమ్మ సీసా.

అప్పుడు పాకలోకి చూసింది. నులక మంచం మీద పోలయ్య వెల్లకిలా పడి ఉన్నాడు. ఒక చెయ్యి మంచం కిందకి జారిపోయింది. పాక తడిక సందులోంచి ఎండ తిన్నగా అతని ముఖం మీద పడుతోంది. కదలిక లేదు.

"ఏవండీ!"

మంచం పక్కన కూలబడి అతని ఛాతీ మీద చెయ్యి వేసింది.

ఛాతీ లేచింది. దిగింది. మళ్ళీ లేచింది.

ఆ తర్వాత ఒక చప్పుడు వినబడింది. సన్నని గురక. కొత్త పెళ్ళికూతురుగా వచ్చినప్పుడు ఆ గురకకు తానెంత విసుక్కునేదో, అది ఆగిపోయిందని ఏ రోజున గమనించిందో రెండూ ఒక్కసారే గుర్తొచ్చాయి.

అతను నిద్రపోతున్నాడు.

గంగారత్నం అలాగే చూస్తూ ఉండిపోయింది. ఎండలో నిద్రపోతున్న భర్త ముఖం ఆమె ఎప్పుడూ చూడలేదు. నుదుటి మీద గీతలన్నీ వదులై ఉన్నాయి. నోరు చిన్న పిల్లాడిలా కొద్దిగా తెరుచుకుని ఉంది. కనురెప్పల కింద కళ్ళు మెల్లగా కదులుతున్నాయి. అక్కడెక్కడో ఏదో చూస్తున్నాడు. ఏం చూస్తున్నాడో పక్కనే ఉన్న తనకి తెలియదు. ఇంత పెద్ద మనిషి, ఇన్ని బాధ్యతలున్న మనిషి, అన్నీ ఒడ్డున వదిలేసి ఎక్కడికెళ్ళాడు? ఎవరు పిలిచారు, ఎవరు తీసుకెళ్ళారు? రోజూ లోకమంతా చేసే పనే ఇది. రోజూ జరుగుతుంది కాబట్టి ఎవరూ దండం పెట్టరు గానీ, దండం పెట్టవలసిన పనే. ఆమెకు తెలియకుండానే చేతులు జోడించింది.

వెనక తొట్టిలో ఒక చేప పిల్ల టప్పున కొట్టుకుంది.

జోడించిన చేతులు విడిపోయాయి. ఆ నీళ్ళలో పడిందే ఈయన ఒంట్లోనూ పడింది. అవి చస్తున్నాయి. మరి ఇది నిద్రేనా?

ఫోను తీసి మౌనికకు చేసింది. "వాణ్ణి లేపుకుని పరిగెత్తుకు రా. ఏమీ అడక్కు, వచ్చెయ్."

మోటార్ సైకిల్ మీద ఇద్దరూ వచ్చేసరికి ఆమె భర్త తలను ఒళ్ళో పెట్టుకుని ఊపుతోంది. "ఏవండీ, లేవండీ, ఒక్కసారి కళ్ళు తెరవండి." అతను ఏదో గొణిగి ఒత్తిగిలుతున్నాడు తప్ప లేవడం లేదు.

మౌనిక సీసాను చూసింది, తొట్టిని చూసింది. ముఖం పాలిపోయింది.

"చూశావా అమ్మాయ్, మీ డాక్టరమ్మ మందు! చేపలు చస్తున్నాయి. మీ మావయ్య కళ్ళు తెరవట్లేదు. గంజాయని నేనంటే కాదన్నావు. ఏదో హెంప్ అన్నావు. పేరు మారిస్తే ఆకు మారిపోతుందా?"

"అత్తయ్యా, నేను... మంచికే కదండీ..."

"మంచికే తెచ్చావులే. కాదన్నానా? ముందు ఆ డాక్టరమ్మకి ఫోన్ చెయ్యి."

నాగదుర్గారావు తండ్రి మొహం మీద నీళ్ళు చల్లాడు. పోలయ్య ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు.

"ఏరేటర్లు!" అన్నాడు మొదటి మాటగా. "ఏరేటర్లు వేశావట్రా?"

"నిన్న వేసినవి తిరుగుతూనే ఉన్నాయి నాన్నా. అదిగో, వినబడట్లేదా?"

పోలయ్య విన్నాడు. చెరువులో చక్రాలు నీళ్ళు చిమ్ముతున్న చప్పుడు. ఎండను చూశాడు, మంచాన్ని చూశాడు, చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు చూశాడు. అరచేత్తో మూతి తుడుచుకుని, తడిగా ఉన్న ఆ అరచేతిని వింతగా చూసుకున్నాడు.

"నేను... పడుకున్నానా?"

గంగారత్నం తలూపింది.

"రత్నం, నేను పడుకున్నానే!" అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "చీకటి పడ్డం తెలుసు. తెల్లారడం తెలీదు. మధ్యలో ఏమీ లేదు. ఏమీ లేదంటే... ఎలా చెప్పను? చెరువులో దిగి, అడుగు దొరక్క, ఇంకా కిందకి వెళ్ళినట్టు. భయం వెయ్యలేదే. అస్సలు భయం వెయ్యలేదు."

గంగారత్నం కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. కానీ ఆమె వేలు తొట్టివైపు చూపించింది. "అటు చూడండి ముందు."

పోలయ్య చూశాడు. తల మీద చేతులు పెట్టుకున్నాడు. "అయ్యో, తేలిపోయాయా!" ఒక్క గెంతులో తొట్టి దగ్గరికి చేరి, పక్కనున్న బిందె ఎత్తి నీళ్ళు పైనుంచి ధారగా పోయడం మొదలుపెట్టాడు. "అమ్మాయ్, ఇంకో బిందె అందుకో. దుర్గా, సగం నీళ్ళు ఒంపరా."

"అవి మందుకి చస్తున్నాయండీ, నీళ్ళు పోస్తే ఏమవుతుంది?" అంది గంగారత్నం.

"మందుకి కాదే. రాత్రి వేశాను మందు. చూస్తూ కూర్చున్నాను. శుభ్రంగా తిరిగాయి. అవి తిరుగుతున్నాయన్న ధైర్యం మీదే కదా నేను నాలిక కింద వేసుకుంది!"

నాగదుర్గారావుకి అప్పుడు అర్థమైంది. "నాన్నా, మీరు బకెట్ పరీక్ష చేశారా?"

బకెట్ పరీక్ష ఆ చెరువుల మీద అందరికీ అలవాటే. ఏ కంపెనీ మనిషి ఏ కొత్త మందు తెచ్చినా తిన్నగా చెరువులో పొయ్యరు. బకెట్లో నాలుగు పిల్లల్ని వేసి, మందు కలిపి, ఒక పూట చూసి, అవి బాగుంటేనే చెరువుకి వాడతారు. పోలయ్య తన జన్మలో ఏ మందునూ ఆ పరీక్ష లేకుండా నమ్మలేదు.

"చేశాను. తప్పేంటి? మీ అమ్మేమో గంజాయంటుంది. నీ పెళ్ళామేమో కాదంటుంది. అమ్మవారినడిగితే ఎప్పటికి చెబుతుందో! నాకు తెలిసిన పరీక్ష నేను చేసుకున్నాను."

"మీరు బొచ్చె చేపపిల్లా, శీలావతి పిల్లా నాన్నా? చేపకి వేసి చూసి మనిషి తాగడమేంటి?"

"చేప బతికిన నీళ్ళలో మనిషి చావడురా."

"చేపకి గుండె ఆపరేషన్ అయిందాండీ మావయ్యా?" అంది మౌనిక. భయం కాస్త తగ్గి ఆమెకు నవ్వొచ్చింది.

"మరెందుకు తేలాయి?" గంగారత్నం వదల్లేదు.

పోలయ్య బిందె దించాడు. చెప్పడానికి నోరు తెరిచి, చెప్పబోయే మాట తనకే అప్పుడు తట్టినట్టు ఆగిపోయాడు. "తొట్టిలో నీళ్ళు మారుస్తూ ఉండాలి కదే. గాలి ఆడని నీళ్ళు. పైన ఆ నూనె తెట్టు ఒకటి. గంట గంటకీ మారుద్దామనుకున్నాను. నాకెలాగూ నిద్ర రాదు కదా అని..."

అప్పుడు అందరికీ ఒకేసారి తెలిసింది. చేపలు తేలింది మందుకు కాదు, నీళ్ళు మార్చవలసిన మనిషి నిద్రపోయినందుకు. తనకు నిద్ర రాదన్న నమ్మకం మీద పెట్టుకున్న పరీక్ష అది. నిద్ర వచ్చి పరీక్షను పాడుచేసింది.

తొట్టిలో కొత్త నీళ్ళు నిండాయి. ఒక చేప పిల్ల మూతి దించింది. ఇంకోటి దించింది. చూస్తూ ఉండగానే అన్నీ ఒక్కటొక్కటిగా కిందకి దిగి, తొట్టి అడుగున గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. నీలం తొట్టిలో వాటి వీపులు వెండిలా మెరిశాయి. గంగారత్నం ఒంగి చూసింది. ఇందాక ఏది చావు అనుకుందో అది ఊపిరి కోసం తడుములాట. ఏది విషం అనుకుందో అది నిద్ర. చూసిన కళ్ళు అవే, కనబడ్డ వస్తువులు అవే. మనం చూసే వాటిలో ఇంకెన్నింటిని ఇలా తలకిందులుగా చూస్తున్నామో ఆ తల్లికే తెలియాలి.

"మేత టైము దాటిపోయింది, చేపలు మూతులు చాపి చూస్తుంటాయి," అన్నాడు నాగదుర్గారావు ఆవలిస్తూ. "నేను సంచులు కట్టొస్తాను. మీరు డాక్టరుగారితో మాట్లాడుకోండి."

"నువ్వూ పడుకోలేదు కదరా, తర్వాత కడుదువు గానీ," అంది తల్లి.

"లేపి పిలిచిందెవరు మరి?" అని నవ్వి, తవుడు సంచులు భుజాన వేసుకుని, దోనె తాడు విప్పుకుని వెళ్ళిపోయాడు.

అప్పటికి ఉషశ్రీ ఫోనెత్తింది. మౌనిక జరిగిందంతా చెప్పి, స్పీకరు పెట్టి ఫోనుని మంచం మీద ఉంచింది.

"నమస్కారం అమ్మగారూ," అంది ఫోనులోంచి చిన్న గొంతు.

"నమస్కారం తల్లీ. నాకొక్క ముక్కలో చెప్పు. ఇది గంజాయా, కాదా?"

"ఒక్క ముక్కలో చెబితే అబద్ధమవుతుందండీ. రెండు ముక్కల్లో చెబుతాను. మొక్క ఆ జాతిదే. మా పాత గ్రంథాల్లో దీన్ని విజయ అంటారు. దాన్లో మత్తెక్కించే పదార్థం ఒకటుంది, మత్తివ్వనిది ఇంకోటుంది. ఆ రెండోదాన్ని సీబీడీ అంటున్నారు. మత్తు బాగా తక్కువుండేలా పెంచిన మొక్కని హెంప్ అంటారు. మీ సీసాలో ఉన్నది ఎక్కువగా ఆ రెండోదేనండి. కానీ ఆకు మొత్తం నుంచి తీశారు కాబట్టి మొదటిది కూడా కాస్త ఉంటుంది. అందుకే డాక్టరు రాయకుండా ఎవరూ వాడకూడదు."

"అంటే ఒక్క ఆకులోనే రెండూ పెట్టాడా దేవుడు?"

"పెట్టాడండీ."

గంగారత్నం సీసా మీది ఆకును మళ్ళీ చూసింది. బస్టాండులో పోలీసుల బోర్డు మీద ఈ ఆకునే ఎర్రగీత కొట్టి వేశారు. ఇక్కడ మందు సీసా మీద వేశారు. రెండు చోట్లా అదే ఆకు.

"మరి ఆకుకీ నిద్రకీ సంబంధమేంటమ్మా? అది ఎక్కడో కొండల్లో మొలిచేది, ఇది మనిషి ఒంట్లో ఉండేది."

"నేను కూడా చదివినప్పుడు ఆశ్చర్యపోయానండీ. ఆ మొక్కలో ఉండేలాంటి పదార్థమే మన ఒంట్లో కూడా కొంచెం తయారవుతుంది. మన ఒళ్ళే చేసుకుంటుంది. ఆకలి, నొప్పి, భయం, నిద్ర, ఇవేవీ హద్దు దాటకుండా సర్దడానికి. అది మనలో ఉందన్న సంగతి ఈ మొక్క మీద పరిశోధన చేస్తుంటేనే బయటపడింది."

పోలయ్య తన అరచేతుల్ని తిప్పి చూసుకున్నాడు, చర్మం కింద ఆ పదార్థం కనబడుతుందేమో అన్నట్టు.

"తూముల్లాగా అన్నమాట," అన్నాడు చివరికి. "చెరువుకీ కాలవకీ మధ్య తూము ఉంటుందండీ. పలక ఎత్తితే నీళ్ళొస్తాయి, దించితే ఆగుతాయి. ఒంట్లో కూడా నిద్రకి ఒక తూముందంటారు. నా తూము పలక బిగుసుకుపోయింది."

"చాలా బాగా చెప్పారండీ. కాకపోతే సీబీడీ తనంత తాను పలక ఎత్తదు. పలక ఎత్తే మనిషి మీ ఒంట్లోనే ఉన్నాడు, అతను కాస్త ఎక్కువసేపు పనిలో ఉండేలా చూస్తుందని కొందరి మాట. సరిగ్గా ఎలా అన్నది ఇంకా ఎవరికీ తేలలేదు. కొందరికి నిద్రపడుతోంది, కొందరికి పట్టట్లేదు. ఇది తప్పకుండా నిద్రమందే అని నేను ఎవరికీ చెప్పను."

"మరి రాత్రి నాకు పట్టింది కదండీ?"

"అది మందు వల్ల కావచ్చు. ఇన్నాళ్ళ అలసట కావచ్చు. చేపలు బతికే ఉన్నాయన్న ధైర్యం కూడా కావచ్చు. ఒక్కరోజు చూసి చెప్పలేనండీ."

కొల్లేటికోటలో తాను కొట్టిన కొబ్బరికాయ కూడా ఆ లెక్కలో ఉందేమోనని గంగారత్నం అనుకుంది కానీ పైకి అనలేదు. డాక్టరు తెలియదన్న చోట తానెందుకు తెలుసనాలి? ఆ అమ్మాయి తెలియదని చెప్పినందుకే ఆమె మీద నమ్మకం కలిగింది.

"అన్నట్టు," అంది ఉషశ్రీ, "ఇందాక మౌనిక గుండె ఆపరేషనని ఏదో అంది. ఎప్పుడైంది? ఇప్పుడేమైనా బిళ్ళలు వాడుతున్నారా?"

మౌనిక తలెత్తింది.

"ఏలూరులో చేశారమ్మా, కవాటం మార్చారు," అంది గంగారత్నం. "రోజూ ఒక చిన్న బిళ్ళ. రక్తం పలచగా ఉండడానికట. ఒక్క పూట కూడా మానొద్దన్నారు."

"మౌనికా," అంది ఉషశ్రీ గొంతు. ఇప్పుడది స్నేహితురాలి గొంతు కాదు. "ఆ సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"నిద్రకే కదా అని... గుండెకి వేరే డాక్టరున్నారు కదా అని..."

"తప్పు నాది కూడా. మనిషిని చూడకుండా నీ మాట మీద ఇచ్చాను. అమ్మగారూ, వినండి. ఈ మందు ఉంటే ఆ బిళ్ళ ఒంట్లోంచి తొందరగా బయటకి పోదు. పేరుకుంటుంది. రక్తం మరీ పలచబడిపోతుంది. ఒక్కసారికి ఏమీ కాకపోవచ్చు, భయపడకండి. కానీ ఇంకొక్క చుక్క వద్దు. గుండె బిళ్ళ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. ఈ రోజే ఏలూరు వెళ్ళి, ఆ డాక్టరుగారికి ఇది వేసుకున్నామని దాచకుండా చెప్పి, రక్తపరీక్ష చేయించండి."

పోలయ్య మంచం వైపు తిరిగి, దిండు మీద తన తల చేసిన పల్లాన్ని చూశాడు.

"ఒక్కసారి చూపించి తీసేసుకుంటున్నారా అండీ?" అన్నాడు మెల్లగా.

అది డాక్టరును అడిగాడో, ఇంకెవర్ని అడిగాడో గంగారత్నానికి తెలియలేదు. ఆమె వెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేసింది. "చూపించింది కదండీ. తూము ఉందని తెలిసింది. పలక ఎత్తే దారి ఇదొక్కటే ఎందుకవుతుంది?"

"ఎంత వేసుకున్నారు బాబాయిగారూ?" అంది ఉషశ్రీ.

"నాలిక కింద కాసిని చుక్కలండీ. తొట్టిలో ఇంకాసిని. అంతే."

"సీసాలో ఎంత మిగిలిందో ఒకసారి చూసి చెప్పండి. ఏలూరులో అడుగుతారు."

గంగారత్నం సీసా తీసుకుని పాక బయటికొచ్చి ఎండకెత్తి పట్టింది. ముదురు రంగు గాజు వెనక నూనె తేనెలా మెరిసింది. తాను గూట్లో పెట్టే ముందు మూత తీసి వాసన చూసినప్పుడు అది మెడదాకా నిండుగా ఉంది.

ఇప్పుడు సగానికి పైగా ఖాళీ.

"ఏవండీ," అంది. "నిజం చెప్పండి. కాసిని చుక్కలేనా?"

పోలయ్య వచ్చి చూశాడు. అతని ముఖంలో కూడా తెల్లబోవడం తప్ప ఇంకేమీ లేదు. "పెద్దింట్లమ్మ సాక్షి, రత్నం. నేను తీసేసరికి అంతే ఉంది. కొత్త సీసా అంతే ఉంటుందేమో అనుకున్నాను."

నిన్న సాయంత్రందాకా సీసా పటం వెనకే ఉంది. ఇంట్లో ఉన్నది నలుగురు. ఒకరు ఇక్కడ ఒట్టేస్తున్నారు. ఒకరు తాను.

గంగారత్నం మౌనిక వైపు తిరిగింది. మౌనిక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"అత్తయ్యా... ఆయన కంటి చుక్కలు," అంది. "పొద్దున అద్దం దగ్గర తల పైకెత్తి వేసుకున్నారని చెప్పాను కదండీ. నాకు వీపే కనబడింది. అద్దంలో చూస్తే... నోరు తెరిచి ఉంది. కంట్లో వేసుకునే మందుకి నోరెందుకు తెరిచారా అనుకున్నాను. అంతే అనుకుని ఊరుకున్నాను. మావయ్య తీసేలోపే ఇందులోంచి ఆ కంటి మందు బుడ్డిలోకి ఒంపుకున్నారేమో!"

చెరువు చేతులు మారినప్పుడు దానితో పాటు ఇంకేం చేతులు మారిందో ఆ క్షణంలో గంగారత్నానికి అర్థమైంది. ఏరేటర్ల చప్పుడు ఆగితే ఉలిక్కిపడే చెవులు, తెల్లవార్లూ తెరిచి ఉండే కళ్ళు. నిద్ర కోసం తాను మొక్కింది ఒక్కరికే.

"ఎవరు? ఎంత తాగారు?" ఫోనులో ఉషశ్రీ అడుగుతోంది. "ఎక్కువైతే మత్తుంటుంది, తల తిరుగుతుంది, ఒళ్ళు స్వాధీనంలో ఉండదు. పడుకోబెట్టండి చాలు. ఇప్పుడు ఎక్కడున్నాడతను? పడుకునే ఉన్నాడు కదా?"

ముగ్గురూ ఒకేసారి చెరువు వైపు తిరిగారు.

మంచు పూర్తిగా విడిపోయింది. నీళ్ళ మీద ఎండ కళ్ళు చెదిరేలా ఉంది. నడి చెరువులో, మొన్న పోలయ్య పడిన గుంజ దగ్గరే, దోనె అడ్డంగా తిరిగి మెల్లగా ఊగుతోంది. గుంజకి మేత సంచి ఒక్క ముడితో వేలాడుతోంది. దాని కన్నాల్లోంచి తవుడు నీళ్ళలోకి జారుతుంటే, చుట్టూ చేపలు సుళ్ళు తిరుగుతున్నాయి.

దోనెలో నిలబడి ఉండవలసిన మనిషి లేడు.